మన ఇంటిలోని చెట్లు – పిల్లలకు చెప్పవలసిన చరిత్ర

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏమి వ్రాయుదునా అని ఆలోచించుచు ఒక ఆదివారమునాడు పఠనమందిరమున కూర్చుండగా, ఎదుట కొందరు పిల్లలు బొమ్మల పుస్తకములు తిరుగవేయుచు కనబడిరి. వారిని దగ్గరకు పిలిచి, "ఈ గదిలో చెట్టు నుండి వచ్చిన వస్తువులు ఎన్ని ఉన్నవో చెప్పండి" అని అడిగితిని. "బల్ల" అని ఒకడు, "కుర్చీ, తలుపు" అని మరియొకడు, "మూలనున్న చీపురు" అని ఒక చిన్నది చెప్పిరి. "బీరువా" అని ఒకడు తొందరపడగా, "అది ఇనుపది గదరా" అని తక్కినవారు నవ్విరి. ఇంకను ఏమున్నవని అడిగితిని. అందరును నలుదిక్కుల చూచిరి. తమ చేతులలో ఉన్నదానిని మాత్రము ఎవ్వరును చూడలేదు. పుస్తకము చెట్టు బిడ్డయని ఒక్కరికిని తోచలేదు.

ఇది పిల్లల తప్పు కాదు. మనము చెప్పలేదు, వారికి తెలియలేదు. పూర్వము ఈ సంగతులను ఎవరును పనిగట్టుకొని చెప్పవలసిన అవసరము లేకుండెను. వడ్రంగి కొలిమి యొద్దకు వచ్చి నాగలికి కఱ్ఱు వేయించుకొనుట, మేదరి వెదురు చీల్చుట, గౌడు తాడెక్కుట, అమ్మమ్మ మోదుగాకులతో విస్తరి కుట్టుట పిల్లవాడు కన్నులార చూచుచు పెరిగెడివాడు. నేడు వస్తువు అంగడి నుండి వచ్చుచున్నది. దాని వెనుకనున్న చెట్టును, చెట్టు వెనుకనున్న మనుష్యుడును కనబడుట లేదు. కావున మన ఓరుగల్లు సీమలో చెట్టునకును మనుష్యునకును గల పొత్తును గూర్చి, పిల్లలకు చెప్పదగిన రీతిగా నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

తాటాకు – మన తొలి పుస్తకము

మొదట మన చేతిలోని పుస్తకము సంగతియే చెప్పుకొందము. కాగితము రాక పూర్వము మన దేశమున పుస్తకమనగా తాటాకుల కట్ట. ఆకులను కోసి, ఎండబెట్టి, నీట ఉడికించి, మరల ఆరబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కత్తిరించెడివారు. ఇనుప గంటముతో అక్షరములను గీచి, వానిపై మసి పూసి తుడిచినచో, గీతలలో నలుపు నిలిచి అక్షరము కనబడెడిది. ఆకులకు రంధ్రము చేసి త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకలు పెట్టి కట్టెడివారు. ఆకు, చెక్క, కట్టిన నారత్రాడు – అన్నియు వృక్షసంతానమే.

బమ్మెర గ్రామము ఒకప్పటి వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నది. అది పోతన మహాకవి ఊరని మన ప్రాంతమువారి విశ్వాసము. పదునైదవ శతాబ్దమున ఆయన రచించిన ఆంధ్రమహాభాగవతము తాటాకులపైననే వెలసినది. ఆ ఆకులలో కొన్ని శిథిలమైపోయినవని పెద్దలు చెప్పుదురు. నేడు మనము చదువు భాగవతములో పంచమస్కంధము గంగన రచించినది. షష్ఠస్కంధము ఏర్చూరి సింగన రచించినది. ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయ రచించినవి. తాటాకు గొప్పది, కాని చిరంజీవి కాదు. చెద పట్టును, తేమకు చీకును. అందువలన ప్రతి రెండు మూడు తరములకు ఒకరు కూర్చుండి పాత ప్రతిని చూచి క్రొత్తప్రతి వ్రాయవలసియుండెను. వ్రాయువాడు లేనినాడు గ్రంథము మట్టిలో కలిసెడిది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. చివరకు మరల దీనికే వత్తును.

కాగితము, కఱ్ఱ గుజ్జు, కట్టుబట్ట

కాగితము చీనాదేశమున పుట్టినది. క్రీ.శ. 105 ప్రాంతమున త్సాయ్ లున్ అను రాజోద్యోగి చెట్టు బెరడు, జనపనార, చింకిగుడ్డలు, పాతవలలు నానబెట్టి దంచి కాగితము చేయించెనని చెప్పుదురు. అటుపిమ్మట చాలకాలము లోకమంతటను కాగితమునకు ముఖ్యమైన సరకు గుడ్డపీలికలే. 1844లో జర్మనీలో కెల్లర్ అను నతడు కఱ్ఱను రాతిపై అరగదీసి గుజ్జుచేయు ఉపాయము కనిపెట్టెను. నాటి నుండి కాగితము చౌకయైనది. వార్తాపత్రిక, పాఠ్యపుస్తకము సామాన్యుని ఇంటికి వచ్చినవి.

మన తెలంగాణమున 1938లో నెలకొల్పబడిన సిర్పూరు కాగితపు మిల్లు అడవి వెదురును ఉడికించి కాగితము చేయసాగెను. ఆ మిల్లు వలన ఊరి పేరే కాగజ్‌నగర్ అయినది. 2014లో మూతపడి, 2018లో మరల తెరువబడినది. మనకు ఇంకను దగ్గరగా, ఇప్పటి ములుగు జిల్లా మంగపేట మండలమున కమలాపురము కలదు. అచ్చటి కర్మాగారమున కఱ్ఱను గుజ్జుచేసి, రేయాన్ నూలు తీయు మిల్లులకు పంపుచుండిరి. అనగా చెట్టు చీరయై వచ్చుచుండెను! పట్టువలె మెరయు రేయాన్ బట్ట కఱ్ఱ నుండి పుట్టినదన్న పిల్లలు నమ్మరు. కాని అది నిజము. ఆ కర్మాగారము 2014లో ఆగిపోయినది. దానిని నమ్ముకొన్న కార్మిక కుటుంబములు చాల కష్టములు పడినవి. చెట్టు కథ చెప్పునపుడు కూలి కథ విడువరాదు.

రాజులు వ్రాసినది – వ్రాయనిది

చరిత్ర గ్రంథములలో చెట్లు తరచుగా పన్నుల పట్టికలలోనే కనబడును. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45లో సముద్రతీరమునందలి మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. ఓడలు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన వర్తకుల సొమ్మును దోచుకొనరాదనియు, న్యాయమైన సుంకము మాత్రమే తీసికొనవలెననియు ఆ శాసనము చెప్పుచున్నది. సుంకము వేసిన సరకులలో శ్రీగంధము, కర్పూరము, పోకలు కలవు. ఈ మూడును చెట్ల నుండి వచ్చినవే. గంధము చెట్టు చేవ. కర్పూరము తూర్పు సముద్రము ఆవల పెరిగిన చెట్టు ఒడలి నుండి తీసినది. పోక మనకు తెలిసినదే. ఓరుగల్లు కోటలో దేవుని ముందు వెలిగిన కర్పూరము ఎంత దూరము ప్రయాణము చేసివచ్చెనో పిల్లలకు చెప్పిన, వారికి భూగోళము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ శాసనము గొప్పది. కాని గంధమును ఎవరు నరికిరి, పోకచెట్టు ఎవరు ఎక్కిరి అను మాట అందులో లేదు. శాసనములకు సుంకము కావలెను. చేతి పనితనముతో వానికి పనిలేదు.

తాడిచెట్టు సంగతి చూడుడు. మన ప్రాంతమున తాడి, ఈత చెట్లను గీయు గౌడుల వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది. ఆ కులమున పుట్టిన సర్వాయి పాపన్న ఖిలాషాపురమున కోట కట్టి, 1708లో ఓరుగల్లు పట్టణముపై బడి కొల్లగొట్టెను. 1710లో మొగలు అధికారులకు చిక్కి ప్రాణములు కోల్పోయెను. అతని కథ నేటికిని మన పల్లెలలో పాడుచున్నారు. అటుపిమ్మట ఆసఫ్‌జాహీల ఏలుబడిలో అబ్కారీ ఆదాయము ప్రభుత్వమునకు పెద్ద ఆధారమయ్యెను. చెట్టెక్కువానికి ప్రాణభయము, సర్కారుకు పన్ను. మోకు జారినవాడు దక్కుట కష్టము. ఆ పన్నుల లెక్కలు దఫ్తరములలో ఉన్నవి. చెట్టెక్కు విద్య మాత్రము తండ్రి నుండి కొడుకునకు నోటిమాటగానే వచ్చినది.

ఆ విద్యలో ఎంత శాస్త్రమున్నదో ఆలోచింపుడు. తాళ్ళలో ఆడ మగ తేడా గలదు. మగచెట్టు పోతుతాడు, అది కాయదు, కాని గీసిన కల్లునిచ్చును. ఆడచెట్టు గెలవేయును. లేతకాయలో ముంజలు, ముదిరిన తాటిపండు, ఆ టెంకలను భూమిలో పాతిన గేగులు. ఆకు ఇంటి కప్పునకు, విసనకర్రకు, గొడుగునకు, మట్టనార త్రాళ్ళకు, మ్రాను దూలమునకు. వృక్షశాస్త్రజ్ఞులు చాల పరిశోధించి వ్రాసిన ఆడమగ చెట్ల సంగతి, బడికిపోని గీతకార్మికుడు చెట్టు క్రింద నిలిచి తలయెత్తి చూచి చెప్పగలడు.

తెల్లవారినది మొదలు

ఇక మన ఇంటిలోనికి వత్తము. తెల్లవారగానే వేపపుల్లయో కానుగపుల్లయో నోట పెట్టుకొనుట పెద్దల అలవాటు. తలంటికి కుంకుడుకాయ. ఆ కాయ తొక్కను నీటిలో పిసికిన నురుగు వచ్చును. అందులోని సబ్బు వంటి పదార్థమే దానికి కారణము. వంటింట చింతపండు, అది చెట్టు ఫలము. చింతగింజను మనము పారవేయుదుము. దాని గొప్పతనము మరికొంతసేపటికి చెప్పెదను. పొలమునకు పోయిన నాగలి, గుంటక, బండి చక్రము – వీనికి నల్లతుమ్మ చేవ ప్రసిద్ధము. గడపకు, తలుపునకు టేకు. తలగడలో బూరుగు దూది. పూర్వము దీపమునకు కానుగనూనె. పెండ్లింట మామిడాకు తోరణము. దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొందుము. ఆ జమ్మిచెట్టునే 2014లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రవృక్షముగా ప్రకటించినది.

చాట, గంప, తట్ట, తడక, ధాన్యము పోయు గుమ్మి – ఇవి మేదరి చేతిలోని వెదురు. ఇచ్చట పిల్లలకు ఒక విశేషము చెప్పవలెను. వెదురు ఎంత ఎత్తు పెరిగినను చెట్టు కాదు, గడ్డిజాతి. వరికిని వెదురునకును చుట్టరికము. ఈ మాట చెప్పినపుడు మన పఠనమందిరములోని పిల్లలు గట్టిగా నవ్వి, మరల ఒకసారి చెప్పుమనిరి.

మోదుగు సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. శిశిరాంతమున ఆకు రాల్చి, చెట్టంతయు ఎఱ్ఱని పూలతో మండుచున్నట్లు కనబడును. ఆ పూలను ఉడికించి పిల్లలు హోలీ రంగు చేసికొనెడివారు. ఆకులను ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేసెడివారు. చెట్టుమీద లక్కపురుగును పెంచి లక్క తీయుదురు. లక్క చెట్టుజిగురు కాదు. చెట్టురసము త్రాగిన చిన్నపురుగు తన రక్షణకై కట్టుకొన్న గూడు. ఒక్క మోదుగు పండుగకు రంగు, పెండ్లికి విస్తరి, గాజునకు లక్క ఇచ్చుచున్నది. తరువాత ప్లాస్టిక్ పళ్ళెము వచ్చినది, విస్తరి వెనుకబడినది. ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు మొదలగువానిని దేశమంతటను 2022 జూలై 1 నుండి ప్రభుత్వము నిషేధించినది. ఇప్పుడు మరల ఆకువిస్తరి కావలెనందుము; కాని కుట్టగల చేతులు ఇంటికి ఎన్ని ఉన్నవి? మా తల్లిగారి చేతిలో ఆ పని చూచినవాడనే గాని, నేనును నేర్చుకొనలేదు. తప్పు ఒప్పుకొనుచున్నాను.

అడవి బిడ్డల విద్య

ఏటూరునాగారము, తాడ్వాయి, మేడారము వైపు అడవులలోని కోయలకు ఇప్పచెట్టు కల్పవృక్షము. ఎండకాలపు తొలిదినములలో వేకువననే ఇప్పపూలు రాలును. స్త్రీలు, పిల్లలు గంపలతో పోయి ఏరి, ఎండబెట్టి నిలువచేసికొందురు. ఆ పువ్వు తియ్యనిది; తిండిగింజలు కొరవడిన దినములలో వారి ఆకలి తీర్చినది. గింజ నుండి నూనె తీయుదురు. తపసిచెట్టు బంక ఔషధములకు, ఆహారపదార్థములకు ఉపయోగించుచు దేశాంతరములకు పోవుచున్నది. బంక తీయునపుడు గాటు లోతుగా పడిన చెట్టు చచ్చును. ఆ లోతు ఎంతయో తెలియుటయే విద్య.

వేసవిలో తునికాకు. లేత ఆకులు కోసి, ఏబదేసి ఆకులు ఒక కట్టగా కట్టి, కల్లములలో ఎండబెట్టుదురు. అవి బీడీ పొరకగును. 1971లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన చట్టముతో ఈ ఆకు వర్తకము సర్కారు అదుపులోనికి వచ్చినది. అడవి ఫలసాయమును గిరిజనుల నుండి న్యాయమైన ధరకు కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 2006లో కేంద్రము చేసిన అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై అడవివాసులకు యాజమాన్యపు హక్కు కలదని అంగీకరించినది. తాతలనాటి నుండి తాము ఏరుకొనుచున్న పువ్వు తమదేయని చట్టము పలుకుటకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దాదాపు ఆరు దశాబ్దములు పట్టినది. ఈ సంగతియు పిల్లలకు తెలియవలెను. చెట్టు ఏమిచ్చునో తెలియుట సగము పాఠము. ఆ ఇచ్చినది ఎవరికి చెందవలెనో తెలియుట తక్కిన సగము.

చింతగింజ గౌరవము

చింతగింజ సంగతి చెప్పెదనంటిని. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనుండి, 2016 నుండి సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల గ్రామము నకాషీ చిత్రములకు ప్రసిద్ధి చెందినది. నేతబట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి పూసి గట్టిపరచి, దానిపై పురాణకథలను వరుసగా చిత్రింతురు. ఆయా కులముల కథకులు ఆ పటమును విప్పుచు ఊరూర కథ చెప్పెడివారు. బొమ్మలకు తేలికైన పొనికికఱ్ఱ. ముఖములు చేయుటకు చింతగింజల పిండి, రంపపుపొట్టు. మనము పెరటిలో పారవేసిన గింజ కళాకారుని చేతిలో పటమునకు ప్రాణము.

దూరదేశపు చెట్లును మన ఇంట ఉన్నవి. సైకిలు చక్రమునకు మూలమైన రబ్బరు దక్షిణ అమెరికా చెట్టుపాలు. 1876లో బ్రెజిలు నుండి ఇంగ్లండునకు తెచ్చిన గింజల మొలకలు సింహళమునకు, మలయాకు చేరి తూర్పుదేశములలో తోటలైనవి. చలిజ్వరమునకు కొయినా అని మన పెద్దలు మ్రింగిన చేదుమందు సింకోనాచెట్టు బెరడు. ఆ జ్వరము దోమ వలన వచ్చునని నిరూపించుటకు దారిచూపిన పరిశోధన 1897లో మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ చేసెను. రోగరహస్యము మన గడ్డపై తేలినది. మందు ఎక్కడనో ఆండీస్ కొండలపై పుట్టిన చెట్టు నుండి వచ్చినది.

గ్రంథాలయము చేయదగిన పని

చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని గాంధీజీ 1937లో వార్ధాలో విద్వాంసులను సమావేశపరచెను. ఆ విధానమునకు రూపము దిద్దిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదులో పుట్టిన జాకీర్ హుస్సేన్. 1950లో మున్షీ ప్రోత్సాహమున వనమహోత్సవము మొదలయ్యెను. ఏటేట మొక్కలు నాటుచునే యున్నాము. నాటుట మంచిదే. కాని పేరు తెలియని మొక్కను నాటిన పిల్లవాడు మరునాడు దానికి నీరు పోయుట మరచును. ఉపయోగము తెలిసినవాడు మరువడు.

హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగుచదువునకు ఆదరణ లేని ఆ దినములలో మన పెద్దలు గ్రంథాలయములను దీపములవలె నిలిపిరి. నాడు భాష మరుగున పడునను భయము. నేడు మరియొక జ్ఞానము మరుగున పడుచున్నది. అది పుస్తకములలో లేదు. గౌడన్న, మేదరి, వడ్రంగి, విస్తరి కుట్టిన ముసలమ్మల నోటను, చేతులలోను ఉన్నది. వారిలో చాలమంది మన గ్రంథాలయమున చందాదారులు కారు. వారి గడపకు మనమే పోవలెను.

కావున కార్యవర్గమువారికి ఒక మనవి. ఈ రజతోత్సవ సంవత్సరమున బడిపిల్లలకు ఒక నోటుపుస్తకము ఇండు. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క చెట్టు. చెట్టుపేరు మన ఊరిలో ఏమందురో, ఆకు, పువ్వు, బెరడు, జిగురు, కఱ్ఱ దేనికి పనికివచ్చునో, ఆ పని ఎవరు చేయుదురో పిల్లలు పెద్దలనడిగి వ్రాయవలెను. చెప్పినవారి పేరు ఆ పుట క్రింద ఉండవలెను. ఆకు నొకదానిని ఎండబెట్టి అంటింపవచ్చును. ఆ పుస్తకమును మన బీరువాలో, భాగవతము ప్రక్కనే ఉంచవలెను.

పోతన గ్రంథమున ఆకులు శిథిలమైనపుడు పూరించుటకు గంగన, సింగన, నారయ ఉండిరి. మన చెట్టుజ్ఞానమున ఆకులు ఒక్కొక్కటిగా రాలుచున్నవి. వానిని పూరింపగల గంగనలు, సింగనలు ఆదివారమునాడు మన పఠనమందిరమున బొమ్మలు చూచుచు కూర్చుండియున్నారు. వారిచేతికి కలమిచ్చి, పెద్దల గడపకు దారి చూపుట మన వంతు.

ఆ ఆదివారము పిల్లలు ఇండ్లకు పోవునపుడు, చీపురు పేరు చెప్పిన ఆ చిన్నది తన పుస్తకమును ముక్కునకు ఆనించి వాసన చూచి, "తాతా, ఇది ఏ చెట్టు?" అని అడిగినది. నాకు సమాధానము తెలియలేదు. తెలిసికొని చెప్పెదనంటిని. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇట్టి ప్రశ్నలు వేయు పిల్లలతోను, సమాధానములు వ్రాసియున్న నోటుపుస్తకములతోను నిండియుండవలెనని ఆకాంక్షించుచున్నాను.